కస్తూరి దూరిన సందు

రాయపురం, 5-8-1974

మహారాజశ్రీ వీరరాఘవులు గారికి, బాలికల హైస్కూలు ఆటల మాస్టరు జయరామ్ నమస్కారాలు.

శనివారం పిల్లల్ని బాస్కెట్‌బాల్ పోటీకి అంబత్తూరు తీసుకెళ్లాను. మీ కస్తూరి ఆత్రం కొద్దీ పదేపదే లేన్‌లోకి ముందే దూరింది. ప్రతిసారీ రెఫరీ పట్టుకున్నాడు. ఇరవైనాలుగున ఫైనల్. ఇంట్లో కాస్త మందలించండి.

మీ జయరామ్

తా.క. జట్టులోని ఆరోగ్యమేరి కూడా ఇలాగే దూరేది. వాళ్ల నాన్న ఒక్క కసురు కసిరాక మానేసింది.

జార్జిటౌన్, 8-8-1974

మాస్టరు గారికి,

మీ ఉత్తరం అందినప్పటి నుంచి మిరపకాయల మండీలో కుదురుగా కూర్చోలేకున్నాను. లేన్ అంటే సందని నాకు తెలుసు. అంబత్తూరులో అది ఏ సందు? మా పిల్లను పట్టుకోవడానికి ఆ రెఫరీ ఎవడు? కస్తూరిని నిలదీస్తే, "అందరం దూరతాం నాయనా, ముందు పోయినోళ్లకే దొరుకుతాది" అంటోంది. మా అమ్మ వాసవాంబ, "ఆడపిల్లకి ఆడ సందులో ఏం పనిరా?" అని తల పట్టుకుంది. పిల్లను ఫైనల్‌కు పంపను.

కలతతో, వీరరాఘవులు

తా.క. రెఫరీకి పెళ్లయిందా? అమ్మ అడగమంది.

రాయపురం, 10-8-1974

అయ్యా,

ఆ సందు వీధిలోది కాదు. ఆటస్థలంలో బుట్ట ముందు సున్నంతో గీసిన చోటు. మనవాళ్లు ఫౌల్ చేస్తే అవతలి పిల్ల ఒంటరిగా నిలబడి బుట్టలోకి బంతి వేస్తుంది. బంతి ఆమె చెయ్యి వదిలేదాకా తక్కినవాళ్లు గీత దాటకూడదు. మనవాళ్లు ముందే దూరినా, బంతి పడితే ఆ పాయింటు వాళ్లదే. తప్పితే రెఫరీ మళ్లీ వేయిస్తాడు. కస్తూరి దొరుకుతాదన్నది ఆ తప్పిన బంతినే. కస్తూరి లేకపోతే మా జట్టు లేదు. మీరే వచ్చి చూడండి.

మీ జయరామ్

తా.క. రెఫరీ కన్నియప్పన్ గారికి మనవలున్నారు. ఆయన పట్టుకున్నది తప్పును, చేతిని కాదు.

జార్జిటౌన్, 26-8-1974

మాస్టరు గారికి,

ఏ ముఖంతో రాయను? ఫైనల్ ఆఖరి నిమిషంలో రెండు జట్లూ సమానం. అవతలి ఎన్నూరు జట్టు పిల్ల ఒంటరిగా నిలబడి బంతి ఎత్తింది. మా కస్తూరి స్తంభంలా నిలబడే ఉంది. అయినా మా అమ్మ, "దూరొద్దే, ఆగవే" అంటూ తానే సందులోకి దూరింది. బంతి తప్పింది. రెఫరీ మళ్లీ వేయించాడు, పడింది. ఒక్క పాయింటుతో మన జట్టును మేమే ఓడించాం. కస్తూరి మాతో మాట్లాడడం లేదు.

తలదించుకుని, వీరరాఘవులు

తా.క. "నేను ఏ జట్టులోనూ లేను గదా, మళ్లీ ఎట్ల వేయిస్తాడు?" అని అమ్మ ఇంకా వాదిస్తోంది.

రాయపురం, 30-8-1974

అయ్యా,

కప్పు పోతే పోయింది. నిన్న కన్నియప్పన్ గారు స్కూలుకు వచ్చారు. మద్రాసు జట్టును ఎంచేదీ ఆయనే. ఆ గోలలో ఎన్నూరు పిల్లలు, మన పిల్లలు అందరూ గీత దాటేశారట. సొంత నాయనమ్మ మీదికి వస్తున్నా బంతి మీది నుంచి చూపు తిప్పని పిల్ల ఒక్క కస్తూరేనని, మద్రాసు జట్టుకు ఎంపిక చేశారు. ఈ ఉత్తరం ముందు కస్తూరికి చూపించండి, మాట్లాడుతుంది.

సంతోషంతో, జయరామ్

తా.క. పోటీలు సేలంలో. మీరూ, మీ అమ్మగారూ తప్పక రండి. ఆటస్థలం చుట్టూ కన్నియప్పన్ గారు దగ్గరుండి తాడు కట్టిస్తున్నారు.