బస్సు ఆగినంతసేపు

బుధవారం, ఆగస్టు 2006

సేదరపేట్ రోడ్డు వెడల్పు చెయ్యాలని అంగళ్ళవాళ్ళందరం అర్జీ పెడుతున్నాం. ఈ రద్దీలో నా అంగడికి సరుకు ఏనాడూ వేళకు రాదు. అందుకే పొద్దున సంఘంవాళ్ళు రాగానే నేనే ముందు సంతకం చేశాను.

సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు ఎప్పటిలాగే నా అంగడి ముందు ఇరుక్కుంది. డ్రైవర్ శేఖర్ కిటికీలోంచి, "ఈపొద్దు ఏం కూర అక్కా?" అన్నాడు. రోజూ అడుగుతాడు. అతనికి చెప్పడానికే, ఒక్కదాన్నే అయినా, ఏదో ఒకటి వండుకుంటున్నాను. వంకాయ పులుసన్నాను. అర్జీ సంగతీ చెప్పాను.

"మంచి పని చేసినావు. రోడ్డు పెద్దదయితే యాడా ఆగకుండా ఇల్లు చేరిపోతా" అన్నాడు సంతోషంగా. బస్సు కదిలింది.

ఇంటికొచ్చాక పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. వంకాయలు సంచిలోనే ఉన్నాయి. రేపు పులుసు ఎట్లా కుదిరిందని అడిగితే, బాగా కుదిరిందనే చెప్పాలి.