లోపలున్న మనిషికి ముందు చెప్పాలి

నీకు చెప్పలేదు. అదీ జరిగిన తప్పు. వార్డు తుడిచే ఆయమ్మకు తెలుసు, పక్క మంచం పాప వాళ్ళమ్మకు తెలుసు, నాకు తెలుసు. జబ్బు ఎవరి ఒంట్లో ఉందో ఆ మనిషికి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి వచ్చినామెను నేనే తిప్పి పంపాను.

నువ్వు పోయి ఐదు నెలల పన్నెండు రోజులు, భవ్యా. బాగున్నావా అని అడగను. అలాంటి ప్రశ్నలు నీకు గిట్టవు. "బాగుంటే ఇక్కడెందుకుంటాను సార్?" అని పెద్ద డాక్టరునే నిలదీసిన దానివి. పదకొండేళ్ళ పిల్లవి. ఆయన నవ్వేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ముందు ఇంటి సంగతులు. నాన్న కాడుగోడి స్టేషను రోడ్డులో ఇస్త్రీ బండి మళ్ళీ తెరిచాడు. వారానికోసారి నీ స్కూలు యూనిఫారం ఇస్త్రీ చేసి తెస్తాడు. అమ్మ బీరువాలో పెడుతుంది. వద్దని నేను అనలేదు. నాకు సర్జాపుర రోడ్డులో అవే అపార్టుమెంట్లు, అవే లిఫ్టు రిపేర్లు. కొత్తగా ఒక పద్దెనిమిది అంతస్తులది అప్పగించారు. కుక్కలకు వేరే లిఫ్టు కావాలని అక్కడ వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటున్నారు. నువ్వుంటే కడుపు పట్టుకుని నవ్వేదానివి.

ఇక అసలు సంగతి. నీకు తెలియని భాగం మొదటినుంచి రాస్తాను.

మోకాలి పైన ఎముకలో మొదలైన క్యాన్సరు ఊపిరితిత్తుల్లోకి పాకిందని స్కానింగులో తేలిన రోజు. అమ్మ నీ దగ్గర ఉంది. నాన్న, నేను వరండాలో ఉన్నాం. పెద్ద డాక్టరు లిఫ్టు బటన్ నొక్కి, అది వచ్చేలోపల ఇంగ్లీషులో నాకు చెప్పేశాడు. ఇక మందులు పని చేయవు. ఇకమీదట నొప్పి లేకుండా చూసుకోవడమే. ఆ విభాగం వాళ్ళు వచ్చి మాట్లాడతారు. అంతే. లిఫ్టు ఏడో అంతస్తు నుంచి రెండుకి దిగింది. మధ్యలో ఆగకపోతే ఇరవై సెకన్లు. అది నా పని, నాకు తెలుసు. తలుపు తెరుచుకుంది, ఆయన ఎక్కాడు, తలుపు మూసుకుంది.

ఏమన్నాడప్పా అని నాన్న అడిగాడు.

మందు మారుస్తారంట అన్నాను.

మన ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కడికే. అదీ బడిలో నేర్చింది కాదు. లిఫ్టు కంపెనీ పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో మాట కూడబలుక్కుని నేర్చుకున్నాను. మోటారు ఎలా విప్పాలో, బ్రేకు ఎలా సరిచెయ్యాలో వాటిలో ఉంది. మీ కూతురు బతకదు అని నాన్నకు ఎలా చెప్పాలో లేదు. ఆయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తెలుగో కన్నడమో వచ్చిన మనిషి చేత చెప్పించలేరా? పది నిమిషాలు దొరకవా? ఇరవై నాలుగేళ్ళ లిఫ్టు మెకానిక్కు నోట్లో ఆ మాట పెట్టి వెళ్ళిపోతారా?

ఆ డాక్టరు మీద కోపం ఇంకా ఉంది. పోదు కూడా. కానీ ఆ తర్వాతి ఇరవై రెండు రోజుల్ని ఆయన మీదికి నెట్టలేను. అవి నావి.

మరుసటి రోజు షీలా సిస్టర్ వచ్చింది. ఉపశమన చికిత్స అని మెడలో కార్డు. నొప్పి, ఆయాసం, నిద్ర చూసుకునేది వాళ్ళే. పిల్లలతో, ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడేదీ వాళ్ళే. ఇదంతా ఇప్పుడు తెలుసు. అప్పుడు ఫోన్‌లో ఏదో చదివి, అది చావుకు సిద్ధం చేసే విభాగమని ఖాయం చేసుకున్నాను. వార్డు తలుపు దగ్గరే అడ్డంగా నిలబడ్డాను. మా చెల్లెలు చావడానికి రాలేదు, ఆ కార్డు వేసుకుని దాని మంచం దగ్గరికి రావద్దు అని అరిచాను. ఆమె ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసిచ్చింది. పాపకు నొప్పి ఎక్కువైతే పిలువప్పా అంది.

పిలవలేదు.

నువ్వు దిండు మూల నోట్లో పెట్టుకుని కొరికేదానివి, అమ్మకు వినపడకూడదని. మామూలు మాత్రలు గంటసేపే పని చేసేవి. నేను పక్కన కూర్చుని, రెండు రోజుల్లో తగ్గిపోతుందిలే అనేవాణ్ణి. "అన్నా, అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు ముక్కు గోక్కుంటావు" అనేదానివి. నేను చెయ్యి దించుకునేవాణ్ణి. మళ్ళీ అదే అబద్ధం చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నీ మంచం దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. అపార్టుమెంటులో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారు. గాలి ఆడుతుంది, తలుపు గుంజొద్దు, మావాడు బయల్దేరాడు, నలభై నిమిషాలు పడుతుంది అని చెప్పి పెట్టేశాను. నువ్వు అంతా విన్నావు.

"రెండు నిమిషాలని చెప్పొచ్చు గదా అన్నా. నిమ్మళంగా ఉంటారు."

చెప్పకూడదు అన్నాను. మా పనిలో మొదటి పాఠం అది. మిషను ముట్టుకోకముందే లోపలున్న మనిషికి చెప్పాలి. ఏమైంది, ఎంతసేపు, ఎవరొస్తున్నారు. రెండు నిమిషాలని చెప్పి పది నిమిషాలైతే లోపల పిచ్చెక్కుతుంది. ఇంక మనం ఏం చెప్పినా నమ్మరు. పెద్ద మేష్టరులాగా చెప్పాను నీకు ఇదంతా.

నువ్వు దుప్పటి పక్కకు తోసి నా వైపు తిరిగావు.

"నేనూ లోపలే ఉండాను గదప్పా. నాకెందుకు చెప్పవు?"

ఇడ్లీ తెస్తానని లేచి వెళ్ళిపోయాను. గుర్తుందా? ఇడ్లీ తేలేదు. మెట్ల మీద కూర్చుని, జేబులోని కాగితం తీసి, ఆ నంబరుకు ఫోన్ చేశాను.

షీలా సిస్టర్ అరగంటలో వచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చుని, నొప్పి ఎక్కడ, ఎలాంటిది అని నిన్నే అడిగింది. "తొడ లోపలక్కా. కుక్క కరిచి పట్టుకున్నట్టు ఉండాది" అన్నావు. ఆ మాట మాకెవరికీ చెప్పలేదు నువ్వు. అవును, మేమెవరం అడిగాం? మార్ఫిన్ సిరప్ మొదలుపెట్టారు. సాయంత్రానికి నువ్వు దిండు వదిలేశావు. ఇరవై రెండు రోజులు తలుపు దగ్గర నేను ఆపింది ఒక చిన్న సీసాను, భవ్యా.

మరుసటి రోజు అమ్మానాన్నలను ఒక గదిలో కూర్చోబెట్టి, మన భాషలోనే నెమ్మదిగా చెప్పింది. గది ఉంది! నాలుగు కుర్చీలు, మంచినీళ్ళు, అన్నీ ఉన్నాయి. మొదటి రోజే ఆ తలుపు ఎవరూ ఎందుకు తీయలేదు? అమ్మ నన్ను కొట్టింది. తర్వాత నా భుజం మీదే పడి ఏడ్చింది. పాపకు ఎవరు చెప్తారు అని నాన్న అడిగాడు. తనకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందు తననే అడుగుదాం అంది సిస్టర్. అలా అడగొచ్చని మన ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

అడిగితే నువ్వేమన్నావు? "నాకు తెలుసు. మీరు ఏడుస్తారని నేనే చెప్పలా."

ఎప్పటినుంచి తెలుసు నీకు? అమ్మ ఇప్పటికీ నన్ను అడుగుతుంది...

తర్వాత పంతొమ్మిది రోజులు ఇంట్లో ఉన్నావు. నీ మంచం, కిటికీ, రైళ్ళ చప్పుడు. జామెట్రీ బాక్సు నీ క్లాసు సుమయాకు ఇచ్చావు. సైకిలు ఎదురింటి అక్కచెల్లెళ్ళకు, కొట్టుకోకుండా తొక్కాలని షరతు పెట్టి మరీ ఇచ్చావు. కొట్టుకుంటూనే ఉన్నారు. నాకేమీ లేదా అంటే, "నీకు జీతమొస్తాది గదా, కొనుక్కో" అన్నావు. ఆ ఇరవై రెండు రోజులు కూడా ఇలాగే ఉండాల్సినవి. నీ రోజులు అవి. నేను లాక్కున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, షీలా సిస్టర్ సోమవారం ఫోన్ చేసింది. కదిరి వైపునుంచి ఒక కుటుంబం వచ్చింది. తొమ్మిదేళ్ళ పాప. ఇంగ్లీషు వచ్చింది వాళ్ళ అక్కకొక్కదానికే, పంతొమ్మిదేళ్ళ పిల్ల. సిస్టర్‌ను వార్డు తలుపు దగ్గరే ఆపేసింది. నేను నిలబడిన చోటే. పాపకు నొప్పి ఎక్కువగా ఉంది. ఆ అక్క నర్సులతో మాట్లాడదంట, ఇది పడినవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మను అందంట. వస్తావా అని అడిగింది సిస్టర్. శనివారం పదకొండు గంటలకు, ఆ కుర్చీల గదిలో.

వెళ్తే ఉత్త మాటలు చెప్పలేను. ధైర్యంగా ఉండమ్మా అనడానికి ఊరంతా ఉంది. ఆ పిల్ల నమ్మాలంటే దిండు సంగతి చెప్పాలి. నువ్వు అడిగిన ప్రశ్న చెప్పాలి. నా తప్పు నేను చెప్పుకోగలను, నాకేం సిగ్గు లేదు. కానీ ఆ నొప్పి నీది. అమ్మ దగ్గర కూడా దాచుకున్నావు. పరాయివాళ్ళ ముందు దాన్ని విప్పి పెట్టడానికి నేనెవణ్ణి?

ఒకసారి నిన్ను అడక్కుండా అన్నీ నేనే తేల్చేశాను. ఈసారి అడుగుతున్నాను. చెప్పొచ్చా, వద్దా? రెండిట్లో ఒకటి. ఎలా చెప్తావో నాకు తెలీదు, అది నీ తలనొప్పి. కలలోకి వస్తానంటే కుదరదు, నాకు సరిగా నిద్రే లేదు.

శుక్రవారం డ్యూటీ అయ్యాక మన ఇంటి మెట్ల మీద కూర్చుంటాను. ఆరింటికి సిస్టర్‌కు వస్తానో రానో చెప్పాలి, ఆలోపల చెప్పల్లా. ఆ తర్వాత వచ్చే జవాబు ఆ పాపకు పనికిరాదు.