బ్యాటరీ మీద పాట

సునీత వాళ్ల డాడీకి,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ప్రార్థనకు వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లాక, మన సునీత మీ పాటల కంప్యూటర్ ఆన్ చేసింది. అబిడ్స్‌లో వెతికి ఒక్కో సామాను తెచ్చి, నాంపల్లి ఇంట్లో మీరే బిగించిన చిన్న కంప్యూటర్. "షాక్ కొడతది, ఇల్లు కాలుతది" అని ఎంత సతాయించానో! ఉరిమితే చాలు, కీర్తన మధ్యలోనే ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసేదాన్ని. తర్వాత మీరు కారు బ్యాటరీ తెచ్చి కంప్యూటర్‌కూ, స్పీకర్లకూ కలిపారు. మెయిన్ ఆపినా పాట ఆగకపోయేసరికి నాకు ఇంకా భయం వేసి, ఆ బ్యాటరీ తీగ కూడా పీకేశాను.

"జర కూసోవే, ఒక్క పాటన్నా మొత్తం విను" అన్నారు మీరు.

"పాటకన్నా పానం ముఖ్యం" అని వంటింట్లోకి పోయాను.

ఇవాళ సునీత ఆ బ్యాటరీని ఛార్జ్ చేయించి మళ్లీ కలిపింది. చూసి అడిగాను. "కరెంటు ఉండంగ గీ బ్యాటరీ ఎందుకే?"

"బ్యాటరీ మీదైతే స్పీకర్లల గుర్రుమనే చప్పుడు రాదని డాడీ అందరికీ చెప్పెటోడు. నాకైతే, 'మీ అమ్మకు ఫికర్ ఎక్కువ, మెయిన్ బంద్ చేసినంకనన్నా నిమ్మళంగ కూసుని పాట వింటది' అన్నడు. నీకు చెప్పలేదా అమ్మా?"

చెప్పే ఉంటారు. నేనే నిలబడి విని ఉండను.

మెయిన్ ఆపి వచ్చి కూర్చున్నాను. ఫ్యాన్ ఆగింది. కీర్తన మొదటి నుంచి చివరిదాకా విన్నాను.

"ఇంకోటి పెట్టాల్నా?" అంది సునీత.

"ఔ, పెట్టు" అన్నాను. మీరు ఎన్నిసార్లు అడిగినా ఆ మాట మీతో ఒక్కసారీ అనలేదు.

సుగుణ