కంచరగాడిద అత్యవసరం, కాపరి అనవసరం

మోంటానా రాష్ట్రం, బిట్టర్ ఎల్క్ లోయ సంరక్షిత వనం పర్యవేక్షణాధికారి వారి సముఖమునకు, సదరు వనం కింది గేటుకు ఎదురుగా కౌంటీ రోడ్డు మీద కాపురముంటున్న సామాను జంతువుల కాపరి ఆర్విడ్ టోలెఫ్సన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్రభుత్వం మూతపడిన కాలంలో ప్రభుత్వానికి ఉచితంగా సేవ చేసితినను నేరమునకు సంజాయిషీ, మరియు ఓపల్ అను కంచరగాడిదను వేలము వేయవద్దని మనవి.

1. తమ వనంలోకి చక్రమున్న ఏ బండీ పోరాదని నిబంధన ఉన్నది. కావున కాలిబాటలు బాగుచేసేవారికి పారలు, గొలుసులు, తిండి సామాను ఓపల్ వీపు మీద వెళతాయి. ఓపల్ ముందు నేను వెళతాను. మా ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారన్నది మా సొంత వ్యవహారం గనుక ఇందులో ప్రస్తావించను.

2. ఈ అక్టోబరులో వాషింగ్టన్‌లో ఖర్చుల బిల్లు దగ్గర రెండు పార్టీలకూ చెడింది. అప్పు కొండంత పెరిగింది, ఖర్చు కోయండి అని ఒకరు. జనం నోటి దగ్గర కూడు లాక్కోవద్దని మరొకరు. ఎవరూ మెట్టు దిగలేదు. ప్రభుత్వం మూతపడింది. తమ కార్యాలయం నుండి ఉత్తర్వు వచ్చింది. అందులో నన్ను "అత్యవసరం కాని ఉద్యోగి" అనిన్నీ, ఓపల్‌ను "అత్యవసరంగా కాపాడవలసిన ప్రభుత్వ ఆస్తి" అనిన్నీ పేర్కొన్నారు. జీతం ఇవ్వలేని రోజుల్లో ఉద్యోగి ఉచితంగా పని చేసినా నేరమే అని కింద గీత గీసి మరీ రాశారు.

నా భార్య లోర్నా విమానాశ్రయంలో వాతావరణం చూసే ఉద్యోగి. ఆమె అత్యవసరం. ఆమెకూ జీతం లేదు, నాకూ లేదు. కాని ఆమెకు పరపతి ఉన్నది. మరునాడు ఉదయం వంటింట్లో జరిగిన సంభాషణ తమ అవగాహన కొరకు:

"కాస్త జరుగు ఆర్విడ్. అత్యవసర ఉద్యోగి కాఫీ తాగాలి."

"నేనూ తాగాలిగా."

"నీదేం తొందర? నువ్వు లేకపోయినా దేశం నడుస్తుందని కాయితం మీద రాసిచ్చారుగా!"

ఆమె నవ్వుతూ అన్నది. నేనూ నవ్వాను. ఆమె వెళ్ళాక చెంచాలన్నీ తీసి, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు సర్దాను. తర్వాత మళ్ళీ కలిపేశాను, సాయంత్రానికి పని ఉంటుందని.

3. ఓపల్‌ను కాపాడుటకు తమరు నియమించిన గార్డు టక్కర్ బీల్ మంచివాడు. అతనికి కంచరగాడిదలంటే భయం. గేటు బయటే ఆపిన వ్యాను కిటికీలోంచి ఓపల్ కొట్టం కంచె లోపలికి గడ్డిమోపు విసిరి, అద్దం ఎత్తేసుకుని వెళ్ళిపోయేవాడు. వ్యాను ముట్టిన గడ్డిని ఓపల్ ముట్టదు. ఎన్నో ఏళ్ళుగా చక్రం చూడని చోట తిరిగిన ప్రాణి, దాని పద్ధతులు దానికి ఉన్నాయి. రెండో రోజుకే డొక్కలు లోపలికి పోయాయి. నేను తమ హద్దు బయట, జిల్లావారిదైన కౌంటీ రోడ్డు మీద నిలబడి కంచె మీదుగా గడ్డి వేయబోతే టక్కర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"వెయ్యకండి ఆర్విడ్ గారూ! గడ్డి కంచె దాటితే అది సేవ అయిపోతుందండీ. కేసు రాయాలి నేను."

"మరి అది ఆకలితో చస్తే?"

"అది ఆస్తి నష్టం. దానికీ నేనే కేసు రాయాలి."

మా వాదన వింటున్న ఓపల్ వచ్చి, కంచె మీదుగా మెడ సాచి, నా చేతిలో గడ్డి అందుకున్నది. టక్కర్ చాలాసేపు తల గోక్కున్నాడు.

"తల కౌంటీలో ఉంది. ఒళ్ళు ఫెడరల్ భూమిలో ఉంది."

"మరి తినేది తలే కదా బాబూ?"

"మింగేక లోపలికొస్తుందండీ."

"అది దాని సొంత ప్రయాణం. నేను పంపలేదు."

ఈ వాదనకు టక్కర్ సమాధానపడ్డాడు. అప్పటి నుండి పూటపూటా అలాగే జరిగింది. ఇంతవరకు నేను ఏ చట్టమూ దాటలేదని మనవి.

4. ఇక్కడితో ఆగి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు. నా మామగారు హోలిస్ క్రెన్షా మా కౌంటీలో ఏనుగు గుర్తు రిపబ్లికన్ల పెద్ద. నా అక్క సిగ్రిడ్ గాడిద గుర్తు డెమొక్రాట్ల పెద్ద. వీరిద్దరి వల్ల నా పెళ్ళినాడే కేకును రెండు బల్లల మీద కోయవలసి వచ్చింది. ఓపల్ కంచె మీదుగా తింటోందని ఊళ్ళో తెలిసేసరికి, ఇద్దరూ ఒకే ఉదయం దిగారు. మామగారు బస్తాడు ఓట్స్ తెచ్చారు. అక్క చందాలు పోగుచేసి, మంచమంత క్యారెట్ల బుట్ట తెచ్చింది.

"చూడు అల్లుడూ," అన్నారు మామగారు, "గవర్నమెంటు మూసేస్తే ఏమైంది? గాడిద బతకట్లేదూ? ధర్మాత్ములుంటే చాలు. దీన్ని చూసైనా ఖర్చులు తగ్గించాలి."

"ధర్మాత్ముడు ఇవాళ వచ్చాడు. నిన్నెక్కడున్నాడు?" అన్నది అక్క. "అందరం తలాకాస్తా వేసుకుంటేనే ఏదైనా బతికేది. దాన్నే పన్ను అంటారు హోలిస్ గారూ."

"పన్నులు తినడం మీ గుర్తుకి అలవాటేలే అమ్మా. గాడిదేగా! ఇది కూడా సగం అదే."

"మాది గాడిదే. గడ్డితో సరిపెట్టుకుంటుంది. మీది ఏనుగు. దాని మేత ఖర్చు ఎప్పుడైనా లెక్కేశారా?"

"ఆ క్యారెట్లు కూడా అప్పు తెచ్చినవేనా?"

"మీరు ఓట్స్ పోస్తున్నది ఓట్ల కోసం కాదూ?"

ఇలా అనుకుంటూ ఒకరు ఇటునుంచి, ఒకరు అటునుంచి తినిపించారు. ఒకరి చేతిలోది అది తింటే రెండోవారికి ఓటమి. ఆ పూట అయ్యాక వాళ్ళవాళ్ళ మనుషులు వచ్చారు, పాయసాల్లాంటివీ, ఆపిల్ పైలూ పట్టుకుని, ఫొటోలు దిగుతూ. నేను వద్దని చెప్పాను. "నువ్వు డ్యూటీలో లేవుగా," అన్నారు ఇరుపార్టీలవారూ. ఆ ఒక్క మాట మీద మాత్రం వాళ్ళకి ఏకాభిప్రాయం కుదిరింది.

5. ఈ విందులు మొదలైన మూడో మధ్యాహ్నం ఓపల్ కంచె దగ్గరికి రాలేదు. కొట్టం పక్కన నిలబడి కడుపు వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. మోకాళ్ళు వంచి కూలబడబోతోంది. పశువుల డాక్టరు ఇంగ్రమ్ గారికి ఫోను చేశాను. "పొట్ట బిగిసింది. నేనొచ్చేదాకా పడుకోనివ్వకు, నడిపించు," అన్నారామె. పడుకుని పొర్లితే పేగు మెలిపడుతుంది, ఆపైన దారి లేదు.

అయ్యా, నేను కంచె దూకాను. నా మోకాలు దూకే వయసుది కాదు. ఉత్తర్వు గుర్తున్నదా అని తమ నోటీసులో అడిగారు. గుర్తు లేదు. గుర్తున్నా దూకేవాడిని.

తాడు పట్టుకుని నడిపించడం మొదలుపెట్టగానే టక్కర్ వచ్చాడు.

"ఆర్విడ్ గారూ, మిమ్మల్ని అరెస్టు చెయ్యాలండీ."

"చెయ్యి బాబూ. కాని నడుస్తూ చెయ్యి."

అతను గాడిదకు అవతలి పక్క, కాలు అందనంత దూరంలో నడుస్తూ, నా హక్కులన్నీ చదివి వినిపించాడు. ఈ సంగతి అతని విధినిర్వహణకు సాక్ష్యంగా విన్నవిస్తున్నాను.

అంతలో కబురు తెలిసి మామగారు ఒకవైపు నుంచీ, అక్క ఒకవైపు నుంచీ వచ్చారు. ఓపల్ నడవనని మొరాయిస్తే ఇద్దరూ చెరొక పిర్ర మీద భుజం ఆనించి తోశారు. తోస్తూనే ఉన్నారు, వాదిస్తూనే ఉన్నారు. డాక్టరుగారు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోసి, చేతులు తుడుచుకుంటూ అడిగారు:

"బిల్లు ఎవరి పేర రాయను?"

"నా పేర," అన్నారు మామగారు వెంటనే.

"వీల్లేదు!" అక్క అరిచింది. "ఈయన కడితే, ధర్మంతోనే దేశం నడుస్తుందని చచ్చేదాకా ఊదరగొడతాడు. జనం తరఫున మేం కడతాం."

"మీరు కడితే, మళ్ళీ పన్ను పన్ను అని నా చెవిలో జోరీగ. నేను ఒప్పుకోను."

"నా జీతంలోంచి..." అన్నాను నేను.

"నీకు జీతం ఎక్కడిది?" అన్నారు ఇద్దరూ.

డబ్బు ఇవ్వనని దెబ్బలాడుకునేవాళ్ళను చూశాను కాని, నేనిస్తానంటే నేనిస్తానని గొంతులు పట్టుకోబోయినవాళ్ళను చూడటం అదే మొదలు. డాక్టరుగారు విసిగి బిల్లు ఓపల్ పేరనే రాశారు. "జబ్బు చేసింది దానికేగా," అన్నారు. సదరు బిల్లు జతచేయడమైనది.

మేము తిరుగుతూనే ఉన్నాము. దేశపు అప్పు గురించి నాకు తెలియనివి ఆ పూట చాలా విన్నాను. వడ్డీ గురించి మామగారూ, వంతెనల గురించి అక్కా చెప్పినవి రెండూ నిజమేననిపించింది. ఆ మాట అంటే ఇద్దరూ నా మీద పడతారని ఊరుకున్నాను. మామగారు ఆయాసంతో ఆగిపోతే అక్క ఆయన మోచెయ్యి పట్టుకుని "నడవండి, నడవండి, తర్వాత తిడుదురుగాని," అన్నది. పొద్దు వాలుతుండగా ఓపల్ ఆగింది. తోక ఎత్తింది. పేడ వేసింది.

అయ్యా, చప్పట్లు కొట్టాము. మామగారు టోపీ తీసి గాలిలోకి విసిరారు. అక్క ఆయన్ని కౌగిలించుకుని, అంతలోనే తేరుకుని వదిలేసింది. టక్కర్ ఏడ్చాడు. నేను దాని మెడ మీద నుదురు ఆనించి కాసేపు ఉండిపోయాను. పిల్లలు లేరు గనుక దాన్ని బిడ్డగా చూసుకుంటున్నానని ఊళ్ళో అంటారు. అది పొరపాటు. తోటి ఉద్యోగిగా చూసుకున్నాను.

6. వాషింగ్టన్‌లో తర్వాత రాజీ కుదిరి కార్యాలయాలు తెరిచారు. అందరికీ ఆగిన జీతాలు వచ్చాయి. నాకు మాత్రం జీతంతోపాటు, ఉచితంగా పని చేసినందుకు నోటీసు వచ్చింది. అది సరే. కాని రాజీలో భాగంగా ప్రతి కార్యాలయమూ ఏదో ఒక పొదుపు చూపాలన్నారట. తమరు ఓపల్‌ను చూపారు. వయసు మళ్ళిన కంచరగాడిదను వేలంలో ఎవరు కొంటారో తమకు తెలియకపోవచ్చును. మాంసానికి సరిహద్దు దాటించే లారీలవాళ్ళు కొంటారు. అక్టోబరంతా దేశంలోని ఇద్దరు మనుషులు కూడా ఒక మాట మీద నిలవలేదు. తీరా అందరూ కలిసి ఒప్పుకున్న పొదుపు ఇదా అని లోర్నాను అడిగాను. ఆమె ఈసారి పరిహాసమాడలేదు. లేచి నా పక్కన కూర్చున్నది.

7. కావున తమరు దయతలచి,

(అ) ఓపల్‌ను వేలము నుండి తప్పించవలసినదిగాను;

(ఆ) తప్పనిచో, జాబితాలో దాని స్థానమున నన్ను చేర్చవలసినదిగాను. నేను తక్కువ తింటాను, కొనేవారెవరూ రారు గనుక కార్యాలయంలోనే మిగిలిపోతాను;

(ఇ) నా నేరమునకు ఏ శిక్ష వేసినా, అది పని మానమనే శిక్ష మాత్రం కాకుండా చూడవలసినదిగాను వేడుకుంటున్నాను.

పై సంగతులన్నీ కంచె లోపలి మాటలు, బయటి మాటలు అని విడదీయకుండా ఒక్కచోటే చేర్చి చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆర్విడ్ టోలెఫ్సన్

తా.క. మొన్న పై అర్జీ కవరులో పెట్టి అంటించబోతుండగా టక్కర్ వచ్చి, కొట్టం ఖాళీగా ఉందని చెప్పాడు. పట్టపగలే పోయిందట. తను ఆ సమయానికి వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడట, భయం చేత. కనుక (అ), (ఆ) రద్దు చేసుకుంటున్నాను.

ఎవరు తీసుకుపోయారో నాకు తెలియదు. మామగారి ట్రక్కు వెనక అక్క బండి తాలూకు ట్రెయిలరు ఎందుకు తగిలించి ఉందో కూడా తెలియదు. మామగారి పాకలో ఒక ముసలి జంతువు కొత్తగా చేరిన మాట నిజమే. దాని మేతకు ప్రభుత్వ సాయం ఇప్పించమని ఆయన దరఖాస్తు పెట్టుకున్నారు. ప్రజల సొమ్ము ఇలా తగలేస్తారా అని మా అక్క నిన్నటి నుంచి ఆయన గుమ్మంలో కూర్చుని దెబ్బలాడుతోంది. మధ్యమధ్య లేచి దానికి నీళ్ళు పెడుతోంది.

ఆదివారం తమరు తీరిక చేసుకుని భోజనానికి రండి. లోర్నా గొర్రెమాంసం వండుతానంది. అధికారి హోదాలో మాత్రం దయచేయకండి. ఆ హోదాలో వచ్చేవారికి మా పొలాల్లో ఎక్కడా కంచరగాడిద లేదు.