అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది

మోహనా, అమ్మ ఆశీస్సులు. ఫోనులో నా గొంతు వణికితే నువ్వు కంగారుపడతావని వేలూరు ఆసుపత్రి నుంచి ఈ కార్డు రాస్తున్నాను.

ఒంటి మీద మచ్చలు తామర కాదట, చర్మానికి వచ్చిన క్యాన్సరట. మందులు వాడుతూ పోతే చాలా ఏళ్లు బతకొచ్చు అంటున్నారు. లైట్లు బిగించిన పెట్టెలో నిలబెట్టి వైద్యం చేస్తున్నారు.

నిన్న డాక్టరమ్మ, "నిద్ర పడతా ఉండాదా? అన్నింటికన్నా ఏది కష్టంగా ఉండాది?" అని అడిగింది. దురద అని చెప్పబోయి ఏడ్చేశాను. "నా కూతురికి నెలలు నిండినాయమ్మా. ఈ చేతుల్తో బిడ్డను ఎత్తుకుంటే అంటుకుంటాదా?" అన్నాను.

"ఇది అంటుకొనేది కాదమ్మా, బాగా ఎత్తుకోండి" అనింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. ఇంకోసారి అడగాలనిపించింది కానీ సిగ్గేసి లేచి వచ్చేశాను. ఆమె ఎదుట ఉన్నంతసేపు నమ్మాను. గదికి వచ్చి దురద మొదలవగానే భయం మళ్లీ పట్టుకుంది.

మగ్గం మీద లుంగీల పడుగు అయిపోయిందా? మీ నాయన వేళకు తింటున్నాడా? అల్లుడు బాలాజితో నా పాత నూలు చీరలు పంపు, ఇక్కడున్నవి ఒంటికి గుచ్చుకుంటున్నాయి.

నీ కాన్పుకు గుడియాత్తం, మన ఇంటికి రావాలని ఉంది. వస్తే బిడ్డను నా చేతికిస్తావా? ఇంట్లో అందరినీ అడిగి నిజం రాయి, నేనేమీ అనుకోను. నువ్వూ బిడ్డా చల్లగా ఉండాలి.

మీ అమ్మ,
పచ్చయమ్మ