క్లాంప్ జారింది

18 నవంబర్ 2024, సోమవారం

ఈరోజు పీహెచ్‌డీ కమిటీ బుజ్జిబాబుకి అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ ఇచ్చింది, అంటే పని చాలదని. సూపర్‌వైజర్‌ని కాబట్టి మొదటి సంతకం నాదే. వచ్చే సెమిస్టర్ కూడా ఇలాగే అయితే రూల్ ప్రకారం పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ టర్మినేట్ చేస్తారు.

ఐదేళ్లు దాటింది. ఒక్క పేపర్ లేదు. నా 2014 పేపర్ మీదే అతని పనంతా. వెల్డ్ చేసిన రైలు పట్టా ఉక్కుని నేను రాసిన పద్ధతిలో చల్లారిస్తే పగులు సగం వేగంతో పాకాలి. అతని దగ్గర మామూలు వేగంతోనే పాకుతోంది.

బయటికొచ్చాక చైర్మన్ అన్నాడు, కుర్రాడు మంచివాడే, చెయ్యే కుదరడం లేదని. నేను తలూపాను.

19 నవంబర్

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మా ఇంటికీ బుజ్జిబాబు వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ ఉండేది. మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. వాళ్ల నాన్న గోవిందరావు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. 2018లో ఆయన సర్వీసులో ఉండగానే పోయాడు. కారుణ్య నియామకం కింద కొడుక్కి రైల్వేలో ఉద్యోగం ఇస్తామన్నారు. కాగితాలన్నీ సిద్ధమయ్యాక వాళ్లమ్మ చిలకమ్మ పిన్ని నన్ను ఒక మాట అడగడానికి వచ్చింది. రైల్వే ఉద్యోగం ఎవరైనా చేస్తారు పిన్నీ, వీణ్ణి నా దగ్గర పీహెచ్‌డీకి పంపించు అన్నాను. ఆ కాగితాలు వాళ్లు మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు గడువు కూడా పోయింది. అతనికి ముప్పై రెండేళ్లు.

3 డిసెంబర్, ఉదయం 11

బుజ్జిబాబు ల్యాబ్ బీరువాలోంచి నా 2014 పేపర్ నాటి మెషిన్ లాగ్‌బుక్ తీసి పట్టుకొచ్చాడు. డిపార్ట్‌మెంట్‌లో నన్ను మేడమ్ అంటాడు, ఇంటి దగ్గర అక్కా అంటాడు. మేడమ్, ఇందులో పదకొండు ఉక్కు ముక్కలు టెస్ట్ చేసినట్టుంది, పేపర్లో ఎనిమిదే ఉన్నాయేం అని అడిగాడు. నిలదీసినట్టు కాదు. దారి అడిగినట్టు అడిగాడు.

"మూడింటికి క్లాంప్ జారింది," అన్నాను.

ముక్కని మెషిన్‌లో బిగించి పట్టే క్లాంప్ జారితే ఆ టెస్ట్ లెక్కలోకి రాదు. నోట్‌బుక్‌లో క్లాంప్ అని రాసుకుని వెళ్లాడు.

3 డిసెంబర్, మధ్యాహ్నం 3

క్లాంప్ జారలేదు.

4 డిసెంబర్

ఆ మూడు ముక్కలూ తొందరగా విరిగాయి. విరగాల్సిన చోటే విరిగాయి. క్లాంప్ పట్టిన దగ్గర జారిన గీత కూడా లేదు. అప్పట్లో నేను లెన్స్ పెట్టి మరీ చూశాను, ఇప్పటికీ కళ్లకు కడుతోంది. వాటిని తీసేసి గ్రాఫ్ గీస్తే చక్కగా వచ్చింది. అబద్ధం ఆడుతున్నానని అప్పుడు అనుకోలేదు. వాటికి ఏదో అయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ ఏదోకి పదేళ్ల తర్వాత నిన్న ఒక పేరు పెట్టాను. ఆ పేపర్ మీదే అసోసియేట్ ప్రొఫెసర్ అయ్యాను. ఆ పేపర్ చూపించే అతన్ని రప్పించాను.

రేపు చెప్పాలి.

20 జనవరి 2025

చెప్పలేదు. బుజ్జిబాబు వర్క్‌షాప్‌లో లేత్ మీద పనిచేసి రిటైరైన బెంగాలీ టర్నర్ ఒకాయన్ని పట్టుకుని, దాదా దాదా అని వెంటపడి, కొత్త క్లాంప్ చేయించుకొచ్చాడు. చేత్తో పట్టుకుని చూశాను. చాలా మంచి పనితనం. ఇది జారదు.

14 మార్చి

పగులు మామూలు వేగంతోనే పాకుతోంది. మూడో క్లాంప్ చేయిస్తానంటున్నాడు. సరే అన్నాను.

12 మే, సోమవారం

రెండోసారి కమిటీ. బుజ్జిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఫలితం ఎందుకు రావడం లేదని అడిగితే, నాకు ఇంకా నైపుణ్యం చాలడం లేదు సార్ అన్నాడు. లాగ్‌బుక్ ఊసెత్తలేదు. ఒక మెంబర్ నావైపు తిరిగి, అసలు టాపిక్‌లోనే ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగింది. అంతకంటే సులువైన ప్రశ్న నన్నెవరూ అడగరు. టాపిక్‌లో ఏమీ లేదన్నాను.

రెండో అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ. సంతకం పెట్టాను.

9 జూలై

టర్మినేషన్ ఆర్డర్ వచ్చింది. నాకు కాపీ. అప్పీల్‌కి పదిహేను రోజులు.

15 జూలై, సాయంత్రం 4

వానలో సైకిల్ తొక్కుకుంటూ తాల్‌బగీచాలో మా ఇంటికి వచ్చాడు. తువ్వాలు ఇచ్చాను. టీ ఇచ్చాను. చాలాసేపు వాళ్లమ్మ మోకాళ్ల గురించే మాట్లాడాడు. తర్వాత అడిగాడు.

"అక్కా, ఆ మూడు ముక్కల సంగతి అప్పీల్లో రాయమంటావా?"

క్లాంప్ జారలేదని నీకెప్పుడు తెలిసింది అని అడిగాను. రెండో క్లాంప్‌తోనూ పగులు వేగం తగ్గనప్పుడేనట. అంటే మార్చిలోనే. మరి మూడోది ఎందుకు చేయించావని అడిగాను.

"నువ్వే సెప్తావని సూసినాను."

 అప్పీల్లో రాయడం నీ ఇష్టం అన్నాను. నేను రాయమంటేనే రాస్తాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. కప్పు కడిగి గట్టు మీద బోర్లించి వెళ్లిపోయాడు.

16 జూలై

ఫోన్ చెయ్యలేదు.

24 జూలై

గడువు ఈరోజుతో సరి. అతను పంపిన అప్పీల్ నా కామెంట్స్ కోసం వచ్చింది. ఒకే పేరా. తల్లి అనారోగ్యం వల్ల పని వెనకబడిందని రాశాడు. నా పేరు లేదు. కామెంట్స్ గడిలో నో కామెంట్స్ అని రాశాను.

11 ఆగస్టు

అప్పీల్ కొట్టేశారు. హాస్టల్ రూమ్ నాలుగు రోజుల్లో ఖాళీ చెయ్యాలి.

18 ఆగస్టు

డీన్‌కి మెయిల్ పంపాను. పదకొండు ముక్కలు, ఎనిమిది, క్లాంప్, అతను అడిగిన రోజు, నేను చెప్పిన మాట. లాగ్‌బుక్ పేజీల ఫోటోలు పెట్టాను. పంపాక కాస్త తేలికపడ్డాను. ఆ తేలికదనం చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

29 ఆగస్టు

డీన్ పిలిచాడు. టీ తెప్పించాడు. అంతా శ్రద్ధగా విన్నాడు. మీ నిజాయితీ మెచ్చుకుంటున్నాను, పేపర్ సంగతి మీకూ జర్నల్‌కీ మధ్య వ్యవహారం, కావాలంటే విడిగా ఎంక్వయిరీ వేద్దాం అన్నాడు. బుజ్జిబాబు సంగతి అడిగాను. అప్పీల్లో ఈ కారణం లేదు, నో కామెంట్స్ అని రాసింది మీరే, మూసిన ఫైల్ తెరవడానికి రూల్ లేదన్నాడు. మళ్లీ అడిగాను. ఠీక్ హై మేడమ్ అంటూ లేచి నిలబడ్డాడు.

7 సెప్టెంబర్, ఆదివారం

నిమ్‌పురా వెళ్లాను. క్వార్టర్ ఖాళీ చేసినప్పటి నుంచీ వాళ్లు యార్డు వెనక అద్దె గదిలో ఉంటున్నారు. బుజ్జిబాబు లేడు. గూడ్స్ షెడ్‌లో కాంట్రాక్టర్ కింద రోజుకూలీకి వెళ్తున్నాడట, ఆదివారం కూడా. నేను నోరు తెరవకముందే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"నీ తప్పేటీ నేదు సూరమ్మా. ఆడికే సదువు అబ్బనేదు. నువ్వేటి సేస్తావు."

అప్పుడు చెప్పాను. ఉక్కు గురించి కాకుండా ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాను. నేను పుస్తకంలో తప్పు రాశాను పిన్నీ, అది నిజమని వాడి చేత ఆరేళ్లు వెతికించాను, తెలిసి కూడా నోరు విప్పలేదు అన్నాను. పిన్ని చెయ్యి వదిలింది. కోపంగా కాదు. మెల్లిగా తీసేసుకుంది. యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటున్న చప్పుడు ఆగాక అడిగింది.

"ఆ మాట ఆదిలోనే సెప్పీసుంటే ఆడు రైల్లో సేరిపోయుండీవోడు కదా?"

అవును పిన్నీ అన్నాను.

"మరి ఎల్లు. ఆడొచ్చే యేళయింది."

8 సెప్టెంబర్

క్లాస్ తీసుకున్నాను. బాగానే చెప్పాను.

28 అక్టోబర్, ఉదయం 10

జర్నల్‌కి పంపే కరెక్షన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపుతున్నాను. తప్పు కనిపెట్టింది ఎవరని ఒక గడి ఉంది. బుజ్జిబాబు పేరు రాశాను. పక్కనే హోదా. ఖాళీగా వదిలితే ఫారం కదలడం లేదు. స్కాలర్ అని కొట్టి, చెరిపేశాను. అతనికి ఫోన్ చేసి ఏమని రాయమంటావని అడిగాను. అవతల బస్తాలు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఏటీ కాదని రాసీండి, మేడమ్."

అలాగే రాశాను. ఫారం తీసుకుంది.