షేరు కారు మానేసిన సంగతి

చెల్లె రాజవ్వకు, మడికొండ నుంచి నీ అన్న ఎల్లయ్య తన చేతితో రాస్తున్నది. నేను బాగున్నాను. నీ నడుం నొప్పి ఎట్లా ఉంది? బావకు దగ్గు తగ్గిందా? ఫోన్‌లో మాట్లాడితే ఇంట్లో అందరూ వింటారు, అందుకే కాగితం పట్టాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. కోడలు లావణ్య మంచిదే, కూరలో కారమే తక్కువేస్తుంది. వరంగల్‌లో జంపఖానాలు నేసే షెడ్డులో పని దొరికిందని చెప్పాను కదా. పొద్దున మా పై అంతస్తులో ఉండే సతీశ్ కారులో పోయేవాణ్ణి. ఆయన ఉద్యోగానికి పోతూ ఇంకో ముగ్గురిని ఎక్కించుకుంటాడు. ముందు సీటు నాదే. పెద్దమనిషినని గౌరవం కొద్దీ తీసుకుపోతున్నాడు అనుకున్నాను. మన ఊళ్ళో ఎవరి బండి ఎక్కినా పైసలిస్తామా? ఇస్తే మొహం మీద కొట్టినట్టే. ఓ సంచిలో ఇన్ని వంకాయలు పంపుతాం, అంతే. నేనూ నువ్వు పంపిన చింతపండులో సగం ఆయనకిచ్చాను. దారిలో చాయ్ కోసం కారు ఆపించేవాణ్ణి కూడా. వెనక వాళ్ళు ఆలస్యమవుతుందని గొణిగితే ఉరికి ఉరికి పోయి ఏం చేస్తారని కసిరేవాణ్ణి.

పోయిన నెల కొడుకు శ్రీను పనిచేసే ఫర్నిచర్ దుకాణంలో జీతం తగ్గించారు. ఆదివారం లావణ్య నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. తప్పనివి ఒక పక్క, మానుకోగలిగేవి ఇంకో పక్క. టీవీ కనెక్షన్ పోయింది. మటన్ పోయింది. మటన్ దగ్గర నాకు కోపమొచ్చి, తీసేయడానికి ఇంకేమీ దొరకలేదా అని గట్టిగానే అడిగాను.

"ఇగ మీ కారు షేరు ఒక్కటే ఉన్నది మామయ్యా" అంది లావణ్య.

ఏం షేరు అన్నాను. శ్రీను తల వంచుకున్నాడు.

"పెట్రోలుకు అందరు ఇస్తరు నాయినా. నీది నేనిస్తున్న. చెప్తే నువ్వు ఎక్కవు."

ఎనిమిది నెలలు, చెల్లె. వాడు బస్సులో నిలబడి పోతూ నన్ను కారులో కూర్చోబెట్టాడు. నేనేమో అందరి ముందు మీసం దువ్వాను. కోడలి చేతిలో పెన్ను తీసుకుని ఆ కారు షేరు పద్దు నేనే కొట్టేశాను. నీ మోకాళ్ళు ఆగవని శ్రీను బతిమాలాడు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసన్నాను.

మరునాడు బస్టాపు దగ్గర సతీశ్ కారు ఆపాడు. పైసల మాట వదిలేసి ఊరికెనే ఎక్కమన్నాడు.

"ఊరికెనే అనుకునే ఇన్నొద్దులు ఎక్కిన బిడ్డా. ఇయ్యాల నువ్వు ఊరికెనే అంటానవు, అందుకే ఎక్కను" అన్నాను.

బస్సు నిండా ఆడవాళ్ళే. వాళ్ళకు టికెట్ లేదు, నాకుంది. మొదటి రోజు ఒక కాలేజీ పిల్ల లేచి సీటిస్తే, నేనింకా ముసలివాణ్ణి కాలేదని నిలబడే పోయాను. ఆ రోజు మగ్గం తొక్కడానికి కాలు లేవలేదు. రెండో రోజు ఎవరైనా లేస్తారేమో అని చూశాను. ఎవరూ లేవలేదు.

చిన్నమ్మకు నా దండం చెప్పి, ఆమె దీవెన నీ జవాబులో రాయి. పిల్లలు చల్లగా ఉండాలి. ఎవరైనా ఇటు వస్తే మోకాళ్ళకు రాసుకోవడానికి ఒక సీసా ఆముదం పంపు. నా గురించి ఫికర్ చేయకు. మూడో రోజు బస్సులో నేనే నోరు తెరిచి, సీట్లో ఉన్న ఒక పిల్లను "బిడ్డా, జర జరుగు, కాళ్ళు గుంజుతానయి" అని అడిగాను. జరిగింది. కూర్చున్నాను.

ఇట్లు
నీ అన్న ఎల్లయ్య